వేళ్ళు తెల్లబడితే రక్తం పలచబడే మందులా?

చన్నీళ్ళలో చెయ్యి పెట్టగానే మీ వేళ్ళు సున్నం పూసినట్లు తెల్లబడుతున్నాయా? కాసేపటికి నీలమై, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుడుతున్నాయా? 1862లో పారిస్‌లో మారిస్ రేనో అనే వైద్యుడు తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించిన బాధ ఇదే. ఆయన పేరే దానికి స్థిరపడింది.

'రక్తం గడ్డకట్టిందేమో, పలచబడే మాత్రలు వేసుకుంటే పోతుంది' అనుకునేవారు చాలామంది. మామూలు రేనో బాధలో రక్తం గడ్డకట్టదు. చలికీ, ఆందోళనకూ వేళ్ళలోని సన్నని ధమనులు ముడుచుకుపోతాయి. గొట్టాన్ని కాలితో తొక్కిపెట్టి, నీళ్ళు బాగాలేవంటే ఎలా?

అయితే స్క్లీరోడెర్మా, అంటే చర్మం గట్టిపడే జబ్బు, ఉన్నవారిలో రక్తనాళాల లోపలి పొరే దెబ్బతింటుంది. అక్కడ రక్తం పేరుకుని గడ్డకట్టవచ్చు. వేలికొసన పుండ్లు పడతాయి. ఒక్కొక్కప్పుడు వేలికొసే పోతుంది! అందుకే లండన్‌లో తీవ్రంగా బాధపడుతున్న కొందరికి హెపారిన్ జాతి ఇంజెక్షన్లు ఇచ్చి, 2000లో ఫలితాలు ప్రకటించారు. బాధ తగ్గిన మాట నిజమే. కాని అది కొద్దిమందిపై జరిపిన తొలి ప్రయత్నం. దాన్ని పట్టుకుని అందరికీ ఈ మందు రాయటం నాకు సమ్మతం కాదు. రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాలుండి, నాళాల్లో గడ్డలు ఏర్పడినవారి సంగతి వేరు. వారికి ఈ మందులు అవసరమే.

ఇంట్లో పెద్దవారి గుండెజబ్బుకు రాసిన వార్ఫరిన్ మాత్ర మాత్రం మీరు మింగకండి. మొదట ఎలుకల మందుగా అమ్ముడుపోయింది అదే! మోతాదు మించితే చిగుళ్ళనుంచీ, మూత్రంలోనూ, చివరకు మెదడులోనూ రక్తస్రావం కావచ్చు. దాన్ని వాడేవారికి తరచు రక్తపరీక్ష తప్పదు. ఆకుకూరలు ఒక్కసారిగా పెంచినా, మానినా మందు పనిచేసే తీరు మారిపోతుంది.

మీరు మొదట చేయవలసింది సిగరెట్టు, చుట్ట మానటం. అంట్లు గోరువెచ్చని నీళ్ళతో తోముకోండి. చేతులొక్కటే కాదు, ఒళ్ళంతా వెచ్చగా ఉంచుకోండి. చాలామందికి ఇంతే చాలు. చాలకపోతే నాళాలను సడలించే నిఫెడిపిన్ వంటి మందు డాక్టరు రాస్తారు. రక్తపోటుకో, పార్శ్వపు నొప్పికో వాడే కొన్ని మాత్రలవల్ల కూడా ఈ బాధ ఎక్కువవుతుంది. కనుక మీరు వాడే మందులన్నీ ఆయనకు చూపించండి.

ముప్ఫై ఏళ్ళు దాటాక మొదలైనా, ఒక చేతికే వస్తున్నా, కీళ్ళనొప్పులుగాని చర్మం బిగుసుకోవటంగాని ఉన్నా పరీక్ష చేయించుకోండి. వేలికొస నల్లబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి.