రిజర్వు ఎవరి కోసం?

'రిజర్వు' ఇంగ్లీషు మాటే. అయినా మన గూడేల్లో బడి మొహం చూడని అవ్వకూ తెలుసు. ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే: ఫారెస్టోళ్లు పాతిన రాయి దాటకూడదు.

ఒకరి కోసం విడిగా ఉంచడమే రిజర్వు అంటుంది నిఘంటువు. మరి ఎవరి కోసం? 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిని రిజర్వు చేసే అధికారం సర్కారుకు వచ్చింది. అమ్రాబాద్, కవ్వాల్ అడవులు పులుల కోసం రిజర్వయ్యాయి. మన అడవుల్లో క్యాంపులు వేసే సీఆర్‌పీఎఫ్ పేరులోనూ రిజర్వు ఉంది. వీటికి మెరిట్ ఏదని ఎవరూ అడగలేదు.

మన పిల్లకు సీటు వస్తే మాత్రం 'రిజర్వేషన్ క్యాండిడేట్' అని మూతి విరుస్తారు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం చెల్లదని దాన్ని కొట్టేసింది. అడవి మొత్తం సర్కారుకు రిజర్వయితే చట్టం, మన బడిలో మన భాష తెలిసిన టీచర్ ఉంటే అన్యాయమా?

తోటి టీచర్లారా, ఈ మాటకు స్పెల్లింగు నేర్పి ఊరుకోవద్దు. దాని పక్కనే 'ఎవరి కోసం?' అని పిల్లల చేత రాయిద్దాం. యువతా, మీరూ తలదించుకోకుండా అదే అడగండి.