వడిగల బండికి ఒడుపుగల కాలు

అండమాన్ దీవులలో మోటారు బండి నడపదలచిన వారికి రెండు పరీక్షలు ఎదురవుతాయి. మొదటిది రవాణా శాఖ వారు పెట్టేది. రెండవది ఆ దీవుల నేల పెట్టేది. మొదటి పరీక్ష ఒక పూటలో ముగుస్తుంది. రెండవది ప్రతిదినమూ ఉంటుంది. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్ట్ బ్లెయిరు పట్టణంలో చదునైన వీధులు తక్కువ. ఒక మలుపు తిరిగితే ఎత్తు, మరొక మలుపు తిరిగితే పల్లం. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఆ దీవులను తడుపుతాయి; ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పట్టణం దాటితే దట్టమైన అడవి, ఆ అడవి గుండా ఉత్తరానికి సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు. ఇటువంటి చోట మామూలు కారు నడపడానికే ఒడుపు కావాలి. చేతితో గేర్లు మార్చుకోవలసిన స్పోర్ట్స్ కారు నడపాలంటే ఆ ఒడుపు ఒక విద్యగా పరిణమించాలి.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఓడలెక్కి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం. అక్కడికి కార్లు కూడా ఓడ మీదనే చేరాలి. ప్రధాన భూభాగం సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్నది. అజాగ్రత్త వల్ల క్లచ్ ప్లేటు కాలిపోతే, ఆ నమూనా కారుకు సరిపడే కొత్త ప్లేటు సముద్రం దాటి రావలసిందే. అంతవరకు ఆ వడిగల బండి ఇంటిముందు కదలని బొమ్మవలె నిలబడి ఉంటుంది.

మామూలు కారుకూ స్పోర్ట్స్ కారుకూ భేదం కేవలం వేగంలో లేదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడరు కారును ఎరిగిన వారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ఆ పెద్దబండి చోదకుని తప్పులను చాలావరకు ఓర్చుకొనేది. కాలు కొంచెం తొందరపడినా, చేయి కొంచెం ఆలస్యమైనా ఇంజను నిదానంగా సర్దుకొనేది. మెత్తని సీట్లు, ఊగే స్ప్రింగులు కుదుపును మింగివేసేవి. స్పోర్ట్స్ కారుకు అంతటి ఓర్పు లేదు. దాని ఇంజను చిటికెలో పైకి లేస్తుంది, అంత త్వరగానూ దిగిపోతుంది. ఏక్సిలరేటరు రవ్వంత తాకినా బండి ముందుకు దూకుతుంది. క్లచ్ పెడలు బరువుగా ఉంటుంది. సస్పెన్షన్ గట్టిది కాబట్టి ప్రతి పొరపాటూ కూర్చున్నవారి వెన్నెముకకు నేరుగా చేరుతుంది.

ఇంతకూ కుదుపు ఎక్కడ పుడుతుంది? ఇంజను వెనుక ఫ్లైవీలు అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దాని ప్రక్కనే క్లచ్ ప్లేటు ఉంటుంది. క్లచ్ నొక్కితే రెండూ విడిపోతాయి. వదిలితే స్ప్రింగు బలంతో ఒకదానికొకటి అతుక్కొంటాయి. ఫ్లైవీలు వేగం ఇంజనుది. ప్లేటు వేగం గేర్ల ద్వారా చక్రాలది. రెండూ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు కలిస్తే ఆ కలయిక ఎవరికీ తెలియదు. వేర్వేరు వేగాలతో తిరుగుతున్నప్పుడు బలవంతంగా కలిపితే ఒకటి రెండవదానిని లాగుతుంది. ఆ లాగుడే కుదుపు. సాఫీగా నడపడమనే విద్య అంతా ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి ఉన్నది: కలపడానికి ముందే రెండు వేగాలనూ సమానం చేయాలి.

అయోధ్యనేలిన ఋతుపర్ణుని రథాన్ని నలుడు బాహుకుడనే మారుపేరుతో తోలిన కథ మనవారికి సుపరిచితం. ఆ వేగానికి ఋతుపర్ణుడంతటివాడు ఆశ్చర్యపడ్డాడు. అయితే నలుని గొప్పతనం కొరడాలో లేదు. అతడెరిగినది అశ్వహృదయం. గుర్రం ఏ క్షణాన ఏమి కోరుతుందో తెలిసిన సారథికి కొరడాతో పని తక్కువ. యంత్రానికి మనసు లేకపోయినా, దాని వేగాన్ని చెవితో వినీ, దాని బరువును పాదంతో తెలుసుకొనీ నడిపే చోదకుడు చేసేదీ అటువంటి పనే.

అభ్యాసం చదునైన ఖాళీ స్థలంలో ప్రారంభించడం మంచిది. పద్దెనిమిదేళ్లు నిండి, లెర్నర్ లైసెన్సు చేత పట్టుకొని, నేర్పరి అయిన వ్యక్తిని ప్రక్కన కూర్చోబెట్టుకొన్న తరువాతనే ఆ ప్రారంభం. మొదటి పాఠంలో ఏక్సిలరేటరుతో పనిలేదు. మొదటి గేరు వేసి, ఎడమకాలి మడమను నేలకు ఆనించి, క్లచ్ పెడలును అతి నెమ్మదిగా పైకి రానివ్వాలి. ఒకచోట ఇంజను ధ్వని కొంచెం బరువెక్కుతుంది. బండి ముందుభాగం స్వల్పంగా కదులుతుంది. ఫ్లైవీలూ ప్లేటూ ఒకదానినొకటి తాకే చోటు అదే. డ్రైవర్లు దీనినే హాఫ్ క్లచ్ అంటారు. అక్కడ పాదాన్ని క్షణకాలం నిలిపితే, నేల చదునుగా ఉన్నప్పుడు చాలా కార్లు తమంత తామే నడక ప్రారంభిస్తాయి. నడక కుదిరిన తరువాత మిగిలిన పెడలును పూర్తిగా వదలాలి. ఆ చోటు పాదానికి కంఠస్థమయ్యేవరకు ఈ ఒక్క పాఠాన్నే ఇరవైసార్లైనా చేయాలి. ఏక్సిలరేటరు ఆ తరువాత.

రెండవ పాఠం గేరు పెంచడం. ఇక్కడ లెక్క తెలిస్తే పని తేలిక. ఉదాహరణకు ఒక కారులో రెండవ గేరు నిష్పత్తి 2.0, మూడవది 1.4 అనుకొందాము. రెండవ గేరులో ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుండగా మూడవ గేరు వేస్తే, అదే వేగానికి ఇంజను 2,100 చుట్లు మాత్రమే తిరగాలి. అనగా 900 చుట్లు తగ్గాలి. క్లచ్ నొక్కి, ఏక్సిలరేటరు వదిలి, గేరు మార్చే ఆ కొద్ది వ్యవధిలో ఇంజను తనంత తానే దిగుతుంది. తొందరపడి ముందే క్లచ్ వదిలితే బండి ముందుకు తోసుకొంటుంది. మరీ ఆలస్యం చేస్తే ఇంజను ఎక్కువగా దిగిపోయి బండి వెనక్కు లాగినట్లవుతుంది. స్పోర్ట్స్ కారులో ఇంజను త్వరగా దిగుతుంది కాబట్టి ఆ వ్యవధి చిన్నది. చోదకుడు ముల్లును చూస్తూ కూర్చోలేడు, చెవితోనే గ్రహించాలి. క్లచ్ నొక్కడానికి ముందు ఏక్సిలరేటరును ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా వదలడం మరొక మెళకువ. ఒక్కసారిగా వదిలితే, గేరు మారకముందే బండి ముక్కు వంగి ప్రయాణికుల తలలు ముందుకు ఊగుతాయి.

గేరు తగ్గించడం దీనికి తారుమారు. పై కారులోనే మూడవ గేరులో 2,100 చుట్ల మీద వెళ్తూ రెండవ గేరుకు దిగాలంటే ఇంజను 3,000కు ఎక్కాలి. అది తనంత తాను ఎక్కదు. అందుచేత క్లచ్ నొక్కి ఉంచి గేరు మార్చేటప్పుడు ఏక్సిలరేటరును ఒకసారి మెల్లగా తట్టి ఇంజనును పైకి లేపాలి. ఆ లేచిన క్షణంలో క్లచ్ వదలాలి. బ్రేకు వేస్తూనే ఈ పని చేయవలసి వస్తే కుడిపాదం ముందుభాగం బ్రేకు మీద ఉండగా, అదే పాదపు అంచుతో గాని మడమతో గాని ఏక్సిలరేటరును తట్టడం నిపుణుల పద్ధతి. ఇది చివరగా నేర్వవలసిన పాఠం. బ్రేకు మీది ఒత్తిడి మారకుండా ఈ పని చేయడం రాకముందు దీనిని రోడ్డు మీద ప్రయత్నించడం అపాయం.

ఈ శ్రమలో కొంత భాగాన్ని యంత్ర నిర్మాతలు ఎప్పుడో తగ్గించారు. తొలినాటి మోటారు కార్లలో పళ్లచక్రాలు నేరుగా ఒకదానిలోకి ఒకటి జారవలసి వచ్చేది. వేగాలు కుదరకపోతే గేరుపెట్టె పళ్లు కొరికినట్లు అరిచేది. అందుకే ఆనాటి చోదకులు గేరు మార్చేటప్పుడు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ నొక్కేవారు. లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీనినే. 1928లో అమెరికాలోని క్యాడిలాక్ సంస్థ సింక్రోమెష్ అనే ఏర్పాటును తన కార్లలో ప్రవేశపెట్టింది. పళ్లు కలవడానికి ముందు చిన్న రాపిడి భాగం ఒకటి వేగాలను సమానం చేయడం ఇందులోని కిటుకు. 2009 నమూనా నిస్సాన్ 370 జెడ్ కారులో గేరు తగ్గించేటప్పుడు ఇంజనును తనంత తానే పైకి లేపే సదుపాయం కూడా వచ్చింది. నేడు అనేక స్పోర్ట్స్ కార్లలో క్లచ్ పెడలే లేదు. అయినా పోర్షే, మాజ్డా వంటి సంస్థలు చేతిగేర్ల కార్లను ఇంకా నిర్మిస్తూనే ఉన్నాయి; కోరి కొనేవారు ఉండడమే కారణం. గేరుపెట్టె లోపలి వేగాలను సింక్రోమెష్ సరిచేస్తుంది కాని, ఇంజనుకూ చక్రాలకూ మధ్య సంధి కుదర్చడం మాత్రం నేటికీ చోదకుని పాదం పనే.

వానలో ఈ సంధికి ప్రాణాల విలువ ఉన్నది. చాలా స్పోర్ట్స్ కార్లను వెనుక చక్రాలు నడుపుతాయి. తడిసిన వంపులో, దిగుడు దారిలో, చోదకుడు ఇంజనును పైకి లేపకుండా రెండవ గేరు వేసి క్లచ్‌ను ఠక్కున వదిలితే ఆ వెనుక చక్రాలకు ఒక్కసారిగా బ్రేకు వేసినట్లవుతుంది. అవి పట్టు తప్పితే బండి తోక ప్రక్కకు తిరుగుతుంది. పొడినేల మీద ఒట్టి కుదుపుగా పోయిన తప్పు, తడినేల మీద లోయ వైపు జారుడుగా మారుతుంది. అందువల్ల వంపు రాకముందే, చక్రాలు తిన్నగా ఉండగానే గేరు తగ్గించుకోవాలి; వంపులో క్లచ్ జోలికి పోరాదు. దిగుడంతటా బ్రేకునే నమ్ముకొని దానిని వేడెక్కించకుండా, తగిన గేరులో ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలి. మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు తరతరాలుగా పాటిస్తున్న నియమం ఇదే.

ఎత్తు మీద ఆగి కదలడం మరొక ఘట్టం. పట్టణపు ఎగుడు వీధులలోనూ, చాథం నుండి బాంబూఫ్లాట్‌కు వాహనాలను దాటించే పడవ రేవులోనూ ఇది తప్పదు. హ్యాండ్ బ్రేకు బిగించి, హాఫ్ క్లచ్ అందేవరకు పెడలు వదిలి, ఇంజను ధ్వని బరువెక్కిన తరువాతనే హ్యాండ్ బ్రేకును దించాలి. అప్పుడు బండి అంగుళమైనా వెనక్కు జారదు. హ్యాండ్ బ్రేకు లేకుండా హాఫ్ క్లచ్ మీదనే బండిని ఎత్తున నిలిపి ఉంచడం కొందరికి గొప్పగా తోచవచ్చు. కాని ఆ నిలిపిన ప్రతి నిమిషమూ క్లచ్ ప్లేటు అరుగుతూ, కాలుతూ ఉంటుంది.

వీటన్నిటికీ మించిన పరీక్ష జిర్కాటాంగ్ దాటిన తరువాత ఉన్నది. అక్కడ నుండి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు సుమారు 50 కిలోమీటర్ల దారి జారవాల అభయారణ్యం గుండా పోతుంది. జారవాలు అనాదిగా ఆ అడవినే నమ్ముకొని జీవిస్తున్న జాతి. 2011 లెక్కలలో వారి సంఖ్య నాలుగు వందలకు లోపే. వారి రక్షణకు 1956లోనే ప్రత్యేక శాసనం చేయబడింది. వారి ప్రాంతంలో ఈ రోడ్డును మూసివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా రాకపోకలు సాగుతూనే వచ్చాయి. వాహనాలు నియమిత సమయాలలో, పోలీసు రక్షణతో, బారుగా కదలాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ముందున్న బండిని దాటరాదు. దారిలో ఆగరాదు. ఫొటోలు తీయరాదు.

స్పోర్ట్స్ కారుకు ఇంతకన్న కఠినమైన పరీక్ష లేదు. ముందు బరువైన బస్సు ఎత్తు ఎక్కుతూ ఉంటుంది. బారు వేగం ఒకప్పుడు 15, ఒకప్పుడు 40. పాదం కొంచెం వణికినా బండి ముందుకు దూకి వెనక్కు తగ్గుతూ గుర్రప్పిల్లవలె గంతులు వేస్తుంది. మడమను నేలకు ఆనించి, ఏక్సిలరేటరును గోరంతగా కదిలిస్తూ, ముందు బండికి చాలినంత ఎడం ఉంచితే మాటిమాటికీ క్లచ్ తాకవలసిన అవసరం ఉండదు. అజాగ్రత్తగా నడిపి ఇంజను ఆపుకొన్నా, క్లచ్ కాల్చుకొన్నా నష్టం ఆ ఒక్కరిదే కాదు. వెనుక బారంతా ఆగిపోతుంది. ఆగకూడని చోట, పరుల ఇంటి నడుమ, పదుల కొద్దీ వాహనాలు నిలబడతాయి. వేగంగా నడపడం చేతకాకపోవడం అక్కడ ఎవరికీ హాని చేయదు. నెమ్మదిగా నడపడం చేతకాకపోవడం చేస్తుంది.

గంటకు రెండు వందల కిలోమీటర్లు పోగల యంత్రాన్ని నలభైకి మించనీయకుండా, గేరు మారినట్లు ప్రక్కనున్నవారికి తెలియనీయకుండా, ఆ అడవి దాటించగలిగిన నాడు ఆ చోదకునికి విద్య అబ్బినట్లే. వేగం కొనుక్కొంటే వస్తుంది. ఒడుపు మాత్రం, ఒక్కొక్క గేరుగా, నేర్చుకోవలసిందే.