పక్షులకు లైన్ క్లియర్ ఎప్పుడు?

మంచు దేశాల్లో ఆగస్టు చివరికల్లా జనం కొండల వైపు చూడటం మొదలుపెడతారు. శిఖరం మీద సన్నటి తెల్లపొర కనిపిస్తే చాలు, స్కీయింగ్ రోజులు దగ్గరపడ్డాయని సంబరం. హౌరా పక్కనున్న సంత్రాగాఛిలో కొండా లేదు, మంచూ లేదు. రాబోయే చలికాలం ఆనవాళ్లు ఇక్కడ చెరువు నీళ్లలో వెతకాలి.

మన వైపు నుంచి హౌరా రైలెక్కినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. సీటు కింది సామాను బయటికి లాగే సమయానికి వచ్చే స్టేషన్ ఇది. ఆ స్టేషన్‌ను ఆనుకునే సంత్రాగాఛి ఝీల్ ఉంది. ఆగ్నేయ రైల్వే స్థలంలోని చెరువు. చలికాలంలో వేల బాతులు దిగుతాయి. డిసెంబరు, జనవరిలో కెమెరాలు పట్టుకుని వచ్చేవారికి కొదవ ఉండదు. నాకు మాత్రం ఆగస్టు, సెప్టెంబరు నెలల ఝీల్ మీదే ఆసక్తి ఎక్కువ. పట్టాల పక్కన రెల్లు పూలు తెల్లబడుతుంటాయి. బెంగాలీలకు అది పూజ కబురు. చెరువులో మాత్రం గుర్రపుడెక్క ఊదా పూలతో ఒడ్డు నుంచి ఒడ్డుకు పరుచుకుంటూ ఉంటుంది. చూడటానికి అందంగానే ఉంటుంది, చిక్కంతా దానితోనే.

ముందుగా ఒక అపోహ సంగతి. ఇక్కడికి వచ్చేవన్నీ సైబీరియా పక్షులని చాలామంది అనుకుంటారు. నిజానికి గుంపులో అత్యధిక భాగం ఈల వేసే చిన్న బాతులు, బెంగాలీలో సరాల్. ఇవి మన ఉపఖండానివే. వానాకాలంలో గడ్డిదుబ్బుల్లో, చెట్ల తొర్రల్లో పిల్లల్ని చేసి, వానలు తగ్గి చిన్న గుంటలు ఎండుతుంటే పెద్ద నీటిని వెతుక్కుంటూ వస్తాయి. హిమాలయాలు దాటి వచ్చేవి తక్కువ సంఖ్యలో ఉండే గాడ్వాల్, సూదితోక బాతు, గార్గెనీ వంటివి. (గాడ్వాల్‌కూ మన గద్వాలకూ ఏ చుట్టరికమూ లేదు. పేరు విన్న ప్రతిసారీ నాకు చేనేత చీరలే గుర్తొస్తాయి.)

దూరపు బాతులకు బయలుదేరే వేళ ఎలా తెలుస్తుంది? చలిని నమ్ముకుంటే మోసపోతాయి. ఒక ఏడాది ముందొస్తుంది, ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది. పగటి నిడివి అలా కాదు, ఏ ఏడాది చూసినా ఆ తేదీకి అంతే ఉంటుంది. 1920లలో కెనడాలో విలియమ్ రోవన్ అనే శాస్త్రవేత్త జంకో అనే చిన్న పక్షులను గడ్డకట్టే చలిలో పంజరాల్లో ఉంచి, బల్బుల వెలుగుతో వాటి పగటిని పొడిగించాడు. నడి చలికాలంలోనే వాటి జననాంగాలు వసంతం వచ్చినట్టు పెరిగాయి. పక్షి శరీరం చలిని పక్కనపెట్టి వెలుగును లెక్కగట్టిందని తేలింది. ఏడాది పొడవునా నడిచే ఒక లోపలి గడియారం కూడా పక్షుల్లో ఉందనీ, పగటి నిడివి దాన్ని సరిచేస్తూ ఉంటుందనీ తర్వాతి పరిశోధనలు చూపాయి.

ఇక్కడ నా ఎమ్మెస్సీ ఫిజిక్స్ కాస్త పనికొస్తుంది. సెప్టెంబరు 22 ప్రాంతంలో కోల్‌కతాలో పగలు రోజుకు సుమారు ఒకటింపావు నిమిషం తగ్గుతుంది. సైబీరియాలో ఓమ్స్క్ నగరం ఉన్న 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆ తగ్గుదల నాలుగున్నర నిమిషాలు. వారానికి అరగంటకు పైగా పగలు కరిగిపోతున్నట్టు. అంతకుముందే, వేసవి మధ్యలో మొదలుపెట్టి, బాతులు రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒక్కసారే రాల్చేస్తాయి. మూడు నాలుగు వారాలు ఎగరలేవు. రంగుల మగబాతులు కూడా ఆడబాతుల్లా మాసిన గోధుమ రంగులోకి మారి రెల్లుగడ్డిలో దాక్కుంటాయి. కొత్త ఈకలు రాగానే తిండి, కొవ్వు, ప్రయాణం. అంటే మనం ఇక్కడ ఫ్యాన్ కింద చెమట తుడుచుకుంటున్నప్పుడే అక్కడ వాటి చలికాలం మొదలైపోయింది.

పక్షి తేదీ మారదు. మార్చగలిగింది చెరువు తేదీని. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. మురుగులోని నత్రజని, భాస్వరం దానికి మంచి ఎరువు. ఝీల్‌లోకి చుట్టుపక్కల కాలువల మురుగు రావడం గురించి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యం వెళ్లిందంటే సమస్య ఎంత ముదిరిందో ఊహించవచ్చు. వెచ్చటి, మురుగు కలిసిన నీటిలో ఈ మొక్క సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. లెక్క వేయండి. సెప్టెంబరు 1న చెరువులో ఎనిమిదో వంతు మాత్రమే ఆకు మిగిల్చామనుకుందాం. చూసినవాళ్లు శుభ్రంగా ఉందనే అంటారు. సెప్టెంబరు మధ్యకు నాలుగో వంతు, నెలాఖరుకు సగం, అక్టోబరు రెండో వారానికి చెరువంతా. ఒకసారి తీసి బిల్లు పెట్టుకుంటే పని అయిపోయినట్టు కాదని ఈ చిన్న గుణకారమే చెబుతుంది. పక్షులు దిగే వేళకు ఇంకా కూలీలు, పడవలు చెరువులో ఉంటే అది అవి దిగకుండా చేసే ఏర్పాటే అవుతుంది.

అలాగని మొత్తం పీకేయమనడమూ తప్పే. సరాల్ బాతులు ఎక్కువగా రాత్రిపూట పొలాలకు, చిత్తడి నేలలకు వెళ్లి మేస్తాయి. పగలు ఝీల్‌కు వచ్చి నిద్రపోతాయి. వాటికి ఇది పడకగది. నీళ్లు తెరుచుకుని ఉండాలి, మధ్యలో ఒడ్డున కుక్కలూ మనుషులూ చేరలేని ఆకు దిబ్బలు కూడా ఉండాలి. అందుకే ఇక్కడ తెలిసినవాళ్లు గుర్రపుడెక్కనే కొంత మిగిల్చి, కదలకుండా కట్టి, తేలే దీవులుగా చేస్తారు. ఎంత తీయాలి, ఎంత ఉంచాలి, ఎక్కడ ఉంచాలి అన్నది పక్షుల్ని గమనించేవాళ్లతో కలిసి తేల్చాల్సిన విషయం. టెండరు కాగితంలో చదరపు మీటర్ల లెక్కతో అది తేలదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. అవి రావడం ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వెనక సైన్స్ ఉందా లేదా అన్న చర్చ నాకు అనవసరం. పక్షులు ఎప్పుడొస్తాయో ఊరంతటికీ తెలుసు, రాకపోతే ఊరంతా అడుగుతుంది. నగరం మధ్యలోని చెరువును అలా అడిగే ఊరు లేదు. చెరువు ఒకరిది, పక్షులు మరొకరి శాఖ, మురుగు ఇంకొకరిది.

వాతావరణ మార్పు వల్ల ఐరోపాలో కొన్ని జాతుల బాతులు చలికాలంలో మునుపంత దూరం రాకుండా ఈశాన్యం వైపే ఆగిపోతున్నట్టు గణనలు చూపుతున్నాయి. కాబట్టి ఇక్కడ సంఖ్య తగ్గిన ఏడాది తప్పంతా ఝీల్‌దే అనలేం. అయితే ఆ మాటను సాకుగా వాడుకోవాలన్నా ముందు మన పని మనం చేసి ఉండాలి. నీళ్లు సిద్ధంగా ఉండి కూడా పక్షులు రాకపోతే కదా దూరపు కారణాలు వెతికేది!

రైల్వేకు టైంటేబుల్ కొత్తేమీ కాదు. జులైలో ఒక బోర్డు పెట్టమనండి, ప్లాట్‌ఫాం మీదే. మొదటి విడత ఆకు తీసేది ఆగస్టు చివర, రెండో విడత సెప్టెంబరు చివర, ఆ తర్వాత నీళ్లలోకి ఎవరూ దిగరు, దీవులు ఇన్ని. ఏ విడత ఎన్ని రోజులు లేటయిందో కింద సుద్దముక్కతో రాయమనండి. రైలు కోసం ఎదురుచూసేవాళ్లు చదువుకుంటారు.