భ్రామరి: భయమెవరిది? అభయమెవరికి?

కావ్యలోకంలో తుమ్మెదకు నేడు రెండే పనులు మిగిలాయి. నాయిక ముంగురులకు ఉపమానం కావడం ఒకటి. పువ్వు విడిచి పువ్వుకు పోయే చంచలప్రియునికి సంకేతం కావడం రెండవది. భాగవత దశమస్కంధంలోని భ్రమరగీతాలను సైతం కేవలం విరహశృంగారంగా చదివి గ్రంథం మూసే రసజ్ఞులకు, దిక్కులు కప్పుతూ లేచే భ్రమరసేన కావ్యానికి తగని భీభత్సంగా తోస్తుంది. ఇందుకు విరుద్ధమైన దిశలో మరికొందరు ప్రవచనకారులున్నారు. ఆ భయమే వారి మూలధనం. వ్రతలోపం జరిగితే అమ్మ ఆగ్రహిస్తుందని, భ్రామరీరూపమే అందుకు నిదర్శనమని చెప్పి, భీతిల్లిన గృహస్థుకు తక్షణమే ఒక పరిహారం సూచిస్తారు. మొదటివారు భ్రమరం నుండి శక్తిని హరించారు. రెండవవారు భీతిని మాత్రమే మిగిల్చారు. ఇరువురి వ్యాఖ్యానమూ మూలగ్రంథం ఎదుట నిలవదు.

కృష్ణాతీరవాసులకు ఇది దూరపు విచారం కాదు. శ్రీశైలంలో భ్రమరాంబిక కొలువైన కొండల నడుమ ప్రవహించిన నదే దిగువన విజయవాడలో కనకదుర్గమ్మ ఇంద్రకీలాద్రిని ఒరుసుకొని, డెల్టా పొలాలను తడిపి, హంసలదీవి వద్ద సాగరంలో కలుస్తుంది. శరన్నవరాత్రులలో ఈ సీమలో ఇంటింటా సప్తశతీ పారాయణం సాగుతుంది. దాని ఏకాదశాధ్యాయంలో జగన్మాత తన భావ్యవతారాలను దేవతలకు వివరిస్తూ, అరుణాసురుడు ముల్లోకాలను పీడించినప్పుడు అసంఖ్యాక షట్పదరూపం ధరించి అతణ్ణి సంహరిస్తానని, లోకులు తనను భ్రామరిగా స్తుతిస్తారని వాగ్దానం చేసింది. ఆ అవతారానికి ఆమె చెప్పిన ప్రయోజనం త్రైలోక్యహితం. ఆ మాట అభయంగా పలికినది. దానిని బెదిరింపుగా మార్చే అధికారం ఏ ప్రవక్తకూ లేదు.

ఇంతకూ భయపడవలసినవాడు ఎవరు? దేవీభాగవత దశమస్కంధం అరుణుని చరిత్రను విస్తరించి చెబుతుంది. అతడు సామాన్య దుష్టుడు కాడు. గాయత్రీ జపపరుడు, ఘోరతపస్వి. యుద్ధంలో గాని, శస్త్రాస్త్రాలతో గాని, స్త్రీపురుషులచేత గాని, ద్విపాద చతుష్పాదులచేత గాని మరణం కలగని వరం పొందాడు. తన చుట్టూ వరంతో ఒక కోట, జపంతో మరొక కోట కట్టుకున్నాడు. ఆ లెక్కలో అతడు మరచినది ఆరు కాళ్ల ప్రాణిని. అల్పమని లెక్కలోకి తీసుకోనిదే మృత్యువై వచ్చింది. కనుక భ్రామరీకథలోని భీతి దీపం పెట్టడం మరచిన ఇల్లాలికి చెందినది కాదు. మంత్రాన్ని అహంకారానికి కవచంగా తొడిగిన సాధకునికి చెందినది. పరిహారాలు అమ్మేవారు ఈ కథను శ్రోతల వైపు తిప్పేముందు తమ వైపు తిప్పుకోవాలి.

కవచమనగానే మరొక కథ స్ఫురించాలి. కృష్ణాజిల్లా నందమూరులో 1895లో జన్మించి, విజయవాడను తన సాహిత్యజీవితానికి కేంద్రం చేసుకున్న కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణ, కాశ్మీర రాజుల చరిత్రపై రచించిన నవలలలో ఒకదానికి ‘భ్రమరవాసిని’ అని పేరు పెట్టారు. ఆ దేవతానామం 12వ శతాబ్దపు కల్హణుని రాజతరంగిణిలో ఉన్నది. సర్వస్వం పోగొట్టుకున్న ఒక జూదరి, దర్శనమాత్రాన కోరిక తీర్చే భ్రమరవాసినీదేవిని వెదకుతూ వింధ్యకు బయలుదేరతాడు. ఆమె సన్నిధికి పోయే దారిని వజ్రతుల్యమైన కొండులు గల భ్రమరాలు కాస్తుంటాయి. అతడు ఇనుపకవచం తొడిగి, దానిపై దున్నపోతు చర్మం కప్పి, ఆపై గోమయం కలిపిన మట్టి మెత్తుకొని ప్రవేశిస్తాడు. భ్రమరాలు ఆ పొరలన్నీ ఒలిచివేస్తాయి. చివరకు అతని దేహాన్నే తొలుస్తాయి.

ఇక్కడ ఒక ఆక్షేపం న్యాయమైనదే: ఈ జూదరి అసురుడు కాడు కదా, అతనికెందుకు ఈ బాధ? సమాధానం కథాంతంలో ఉన్నది. అస్థిశేషుడై వచ్చినవానిని దేవి కరుణించి పునర్జీవితుణ్ణి చేసింది. అతడో, ఆమె సౌందర్యానికి మోహితుడై ఆమెనే భోగార్థం కోరాడు. తుమ్మెదలు ఇనుమును ఒలిచాయి, చర్మాన్ని ఒలిచాయి, కామాన్ని ఒలవలేకపోయాయి. రణాదిత్యునిగా మరుజన్మ ఎత్తి, రణారంభగా అవతరించిన ఆమెను పొందాడు గాని, ఆ క్షణాన జ్ఞానాన్ని అడగలేదు. భయం మనిషిని ద్వారం దాకా తేగలదు. లోపల ఏమడగాలో నేర్పలేదు. భయమే భక్తికి బీజమని బోధించేవారికి కల్హణుడు ఏనాడో ఇచ్చిన ప్రత్యుత్తరమిది.

మరి భ్రమరశక్తికి అసలు అర్థమేమిటి? ప్రశ్నోపనిషత్తు ప్రాణాన్ని మధుకరరాజుతో పోల్చింది: రాజు లేస్తే తేనెటీగలన్నీ లేచినట్లు, నిలిస్తే నిలిచినట్లు, ఇంద్రియాలు ప్రాణాన్ని అనుసరిస్తాయి. ఛాందోగ్యంలోని మధువిద్య ఆదిత్యుణ్ణి దేవమధువుగా, ఋక్కులను తేనెటీగలుగా దర్శించింది. భాగవత ఏకాదశంలో అవధూత మధుకరాన్ని గురువుగా స్వీకరించి, అన్ని శాస్త్రాల నుండి సారం గ్రహించడం, రేపటికై కూడబెట్టకపోవడం నేర్చుకున్నాడు. ఒక్కొక్క ఈగ అల్పం. ఏకకేంద్రమైన సమూహం అజేయం. చెదరిన ఇంద్రియాలు ప్రాణమూలంలో కుదిరితే కలిగే బలమే భ్రామరి. ఆ మధురిమ, ఆ కొండి ఒకే ప్రాణివి. ఒకదానిని ఉంచుకొని మరొకదానిని పారవేసే రసజ్ఞత అర్ధసత్యం.

భ్రమరం తుమ్మెదే గాని తేనెటీగ కాదని వాదించేవారికి అమరకోశం చాలు. మధుకర, షట్పద, భ్రమర శబ్దాలను అది ఒకే శ్లోకంలో పర్యాయాలుగా చెప్పింది. ఈ చర్చ శబ్దాలతో ముగిసేదీ కాదు. ఉదయం భ్రామరీస్తుతి పఠించిన గృహస్థే, సాయంకాలం మేడ అంచున తేనెపట్టు కనబడగానే కాగడాతో కాల్పిస్తున్నాడు. కృష్ణలంకలలోని బీర, గుమ్మడి పాదులు పూసిన వేళ పురుగుమందు చల్లి, ఆపై పిందె నిలవలేదని చింతిస్తున్నవారున్నారు. కుట్టే ప్రమాదం ఉన్నచోట పట్టు తీసే నేర్పరిని పిలవడం వివేకం. దాన్ని కాల్చివేయడం అరుణుడు చేసిన పొరపాటే: ఆరు కాళ్ల ప్రాణిని అల్పమని లెక్కించకపోవడం.

అమ్మ సన్నిధికి పోయే దారిలో ఝంకారం వినబడితే సాధకుడు పరిహారం వెదకనక్కరలేదు. తానేమి తొడుక్కొని వచ్చాడో చూసుకుంటే చాలు: జపసంఖ్య గర్వమా, పాండిత్యమా, భయమా? అవి తనంతట తాను విడిచినవానికి ఆ ఝంకారం ఓంకారమే.