కొలిమి ఉమ్మడిది, కూలి కమ్మరిది

అమెరికాలో మోటారు కార్లొచ్చి గుర్రాలు పోయాక, ఫ్యాక్టరీ సరుకు ఊరూరికీ చేరాక ఊరి కమ్మరి దాదాపు కనుమరుగయ్యాడు. నేర్చుకుందామన్న వాళ్ళకు నేర్పేవాళ్ళు దొరక్క పాత పుస్తకాలే దిక్కయ్యాయి. 1969లో అలెక్స్ బీలర్ కమ్మరం మీద రాసిన పుస్తకం కొందరిని కదిలించింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1973లో, జార్జియా రాష్ట్రంలోని లంప్కిన్ అనే చిన్న ఊళ్ళో గుప్పెడుమంది కూడి ఉత్తర అమెరికా కళా కమ్మరుల సంఘం పెట్టుకున్నారు. ఇవాళ దానికి అనుబంధంగా అక్కడ చాలా రాష్ట్రాల్లో స్థానిక సంఘాలున్నాయి. వాటిని నడిపేది ఎక్కువగా సభ్యులే, అదీ జీతం లేకుండా. క్రమం తప్పకుండా కలుస్తారు. ఒకరు పని చేసి చూపిస్తే మిగతావాళ్ళు చుట్టూ నిలబడి చూసి, ఆ తర్వాత తామూ సుత్తి పడతారు. ఖర్చులు రాబట్టడానికి వాళ్ళకో తమాషా పద్ధతి ఉంది. పేరు ‘టోపీలో ఇనుము’. ఇంట్లో వాడకుండా పడి ఉన్న పట్టకారో, రాడ్డు ముక్కో, సొంతంగా చేసిన కొక్కెమో తెచ్చి బల్లమీద పెడతారు. అందరూ టికెట్లు కొంటారు, చీటీ ఎవరి పేరున వస్తే వస్తువు వాళ్ళది. వచ్చిన డబ్బు సంఘం ఖర్చులకు పోతుంది.

కమ్మరి పోయాక కొలిమిని బతికించుకోవడానికి వాళ్ళు పడుతున్న పాట్లివి. మన దగ్గర కమ్మరి ఇంకా ఉన్నాడు, ఆరిపోతున్నది అతని కొలిమి. కాబట్టి మనకు పని తేలిక కావాలి, ఇప్పుడే మొదలుపెడితే. మండలానికొక ఉమ్మడి కొలిమి ఉండాలనీ, దాని నిర్వహణ స్వచ్ఛందంగా సాగాలనీ, అందులో పని నేర్పే కమ్మరికి మాత్రం రోజు కూలి ఖచ్చితంగా చెల్లాలనీ ఈ వ్యాసం వాదన. ఈ మూడింటిలో చివరిది తప్పితే మొదటి రెండూ దండగ.

నేర్పే గొలుసు ఒకసారి తెగితే దాన్ని అతకడం ఎంత కష్టమో చెప్పడానికి మన ఉక్కు కథే చాలు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి పద్ధతిని చూసి రాసిపెట్టాడు. ఆ శతాబ్దం గడిచేసరికే ఆ విద్య అడుగంటింది. ఆ కోవకు చెందిన ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు ఎలా వచ్చేవో తేల్చుకోవడానికి ఐయోవా స్టేట్ విశ్వవిద్యాలయ లోహ శాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడా కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేయాల్సి వచ్చింది. ఖనిజంలో అతి స్వల్పంగా కలిసి ఉండే వెనేడియం వంటి మలినాల పాత్ర కీలకమని వాళ్ళు 1998లో ప్రకటించారు. ఒకప్పుడు తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకున్న పనిని తిరిగి సాధించడానికి ఒక ప్రయోగశాల, ఒక ప్రొఫెసరు, సుత్తి పట్టే ఒక కమ్మరి కావలసి వచ్చారు. కోనసముద్రం కీర్తి మనం సభల్లో తరచూ చెప్పుకుంటాం. ఆ కీర్తితో ఏ కొలిమిలోనూ బొగ్గు పడలేదు.

కొడవలికి పదును పెట్టడం అంత గొప్ప రహస్యమా అనవచ్చు. రహస్యమేమీ లేదు, కానీ అది కంటికి అబ్బాల్సిన విద్య. కమ్మరి కొట్టం చీకటిగా ఉండటానికి కారణం పేదరికం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎండ వెలుతురులో కాలిన ఇనుము రంగు కనబడదు. సాగగొట్టడానికి బాగా నారింజ, పసుపు తిరగాలి. పదును కోసం నీళ్ళలో ముంచేముందు ఉక్కు ముదురు ఎరుపు దాటితే చాలు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకు అదొక గుర్తు. ముంచిన ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది, దాన్ని మళ్ళీ సన్నగా కాచి, గడ్డి రంగు దగ్గర ఆపాలో నీలం దగ్గర ఆపాలో పనిముట్టును బట్టి తేల్చుకోవాలి. పైగా మన కమ్మరులు కొని తెచ్చేది చాలాసార్లు పాత లారీ కమాను పట్టీ. అందులో ఏ ఉక్కు ఉందో సీలు వేసి ఉండదు. చేత్తో కొట్టి, కాచి, విరిచి చూసి తెలుసుకోవాలి. వీడియోలో రంగు కెమెరా ఇష్టం. పక్కన నిలబడి చూడాల్సిందే, దానికి నిలబడే చోటు కావాలి.

ఆ చోటు ఒక్క కుటుంబం మోయలేనిదైపోయింది. కొలిమి పని ఇద్దరి పని: ఒకరు పట్టకారుతో పట్టి చిన్న సుత్తితో చోటు చూపిస్తే ఇంకొకరు సమ్మెట వేయాలి. పిల్లలు చదువులకో పట్నాలకో పోయాక సమ్మెట పట్టేవాళ్ళు లేక, గడ్డపార మొన సాగదీయడం వంటి బరువు పనులు వదిలేసుకోవాల్సి వస్తుంది. ఆ లోటు తీర్చే యంత్రపు సుత్తి ఉంది గానీ, రోజుకు గంటో రెండు గంటలో ఉన్న పని కోసం అప్పు చేసి దాన్ని కొనమనడం కమ్మరికి చెప్పకూడని సలహా. పదిమంది కమ్మరులు, నేర్చుకునేవాళ్ళు వంతులవారీగా వాడుకుంటే అదే యంత్రానికి లెక్క కుదురుతుంది. దాగలి, గాలి మర, సానరాయి, బొగ్గు కొనుగోలు అన్నిటికీ ఇదే లెక్క. నిజానికి ఉమ్మడి అన్న మాట మనకు కొత్తేమీ కాదు. పూర్వం రైతులు కళ్ళంలోనే కమ్మరికి మేర కొలిచేవారు, ఏడాది పొడవునా నాగలి కర్రు, కొడవలి చూసుకోవడం అతని పూచీ. ఆ ఏర్పాటులో కులపు కట్టుబాటు ఉంది, బేరమాడే హక్కు లేదు, దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ కోరనక్కర్లేదు. అయితే కొలిమిని ఊరంతా కలిసి పోషించిందన్న సంగతి మాత్రం నిజం.

ట్రాక్టర్లు, కోత మిషన్లు వచ్చాక ఈ పనిముట్లు ఎవరికి కావాలన్నది మొదటి అభ్యంతరం. నాగలి కర్రుకు గిరాకీ పడిపోయిన మాట కాదనలేం. కానీ ట్రాక్టరు దిగని చోట్లు, మనిషి చేత్తో చేయాల్సిన పనులు ఇంకా మిగిలే ఉన్నాయి: కూరగాయల మడులు, పండ్ల తోటలు, గట్లు, కలుపు. అంగట్లో దొరికే పారలు, కొడవళ్ళలో చాలావాటిది పలుచని రేకు. వంగితే పారేయాలి. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళు, వాళ్ళ చేతికి సరిపడా పిడి, ఒడుపు ఉన్న పనిముట్టు ఒకే అచ్చులో లక్షలు గుద్దే ఫ్యాక్టరీకి లాభసాటి సరుకు కాదు. వెల్డింగు షాపు ఉందిగా అంటే, వెల్డింగు అతుకుతుంది, పదును పెట్టదు. అలాగని పనిముట్ల గిరాకీ మీదే ఉమ్మడి కొలిమి నిలబడుతుందని నమ్మబలకడం కూడా తప్పే. గేట్లు, కిటికీ గ్రిల్లులు, దీపస్తంభాలు, తోట సామాను కొనే పట్టణపు గిరాకీనీ, ఫీజు కట్టి ఆదివారాలు నేర్చుకునే ఇంజనీరింగు విద్యార్థులనూ, సరదాపడే ఉద్యోగులనూ కలుపుకుంటేనే బొగ్గు ఖర్చు వస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం కమ్మరుల నుంచే రావచ్చు. తరతరాలుగా ఈ పని చేస్తున్నందుకు మమ్మల్ని చిన్నచూపు చూశారు, ఇప్పుడు సరదాకని నేర్చుకుని మా గిరాకీ కూడా పట్టుకుపోతారా అని వాళ్ళడిగితే అడగడంలో న్యాయముంది. అమెరికా నమూనాను ఉన్నదున్నట్టు దించుకుంటే జరిగేది అదే. అక్కడ సభ్యుల్లో చాలామందికి వేరే బతుకుదెరువు ఉంది, కొలిమి సెలవు రోజు సరదా. ఇక్కడ కమ్మరికి అదే కూడు. అతన్ని పిలిచి శాలువా కప్పి, ఉచితంగా నేర్పించుకోవడం సేవ పేరుతో సాగే వెట్టి. లెక్కలు రాయడం, చందాలు వసూలు చేయడం, బొగ్గు తెప్పించడం, షెడ్డు ఊడవడం స్వచ్ఛందంగా చేయాల్సిన పనులు. నేర్పడం మాత్రం కూలి పని, ఆ కూలి ఆ ప్రాంతపు తాపీ మేస్త్రి రోజు కూలికి తగ్గకూడదు. అమ్మకానికి వచ్చే ఆర్డర్లు ముందు కమ్మరులకే వెళ్ళాలని నియమావళిలో రాసుకోవాలి. ఇక కొలిమి ఒక కులం సొత్తుగా ఉండిపోవాలా అంటే, ఆ కులపు పిల్లలే పనిలోకి రానప్పుడు ఆ కట్టుబాటు విద్యకు ఉరితాడు.

ప్రభుత్వ పథకం ఉంది కదా అని కొందరంటారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల్లో కమ్మరాన్నీ చేర్చింది. పనిముట్ల కిట్టుకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. మంచిదే. కానీ పథకం కుటుంబానికి ఒకరినే లబ్ధిదారుగా చూస్తుంది, అదీ ఇప్పటికే వృత్తిలో ఉన్నవారిని. కొత్తవాడు ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. సుత్తులూ పట్టకార్లూ ఇంటింటికీ చేరతాయి, సమ్మెట వేసే రెండో మనిషి మాత్రం చేరడు.

మిగిలింది భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకున్న సంఘం ఒక్క ప్రమాదంతో మూతపడుతుంది. కళ్ళద్దాలు లేనిదే దాగలి దగ్గరికి రానివ్వకూడదు. నైలాన్, పాలిస్టర్ బట్టలు నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి కాబట్టి నూలు బట్టలే వేసుకోవాలి. జింకు పూత ఉన్న ఇనుము కొలిమిలో పెట్టకూడదు, ఆ పొగ పీల్చినవాళ్ళు జ్వరంతో మంచమెక్కుతారు. షెడ్డులో గాలి ఆడాలి. ఇంకొక నియమం మన పరిస్థితికి మరీ అవసరం: కత్తులు, బాకులు చేయకూడదు. టీవీ పోటీలు చూసి వచ్చే కుర్రాళ్ళు మొదట అడిగేది కత్తే. తొమ్మిది అంగుళాలు దాటిన అలుగుతో ఆయుధాలు చేస్తే ఆయుధాల చట్టం చిక్కులున్నాయి, అంతకుమించి ఊరి నమ్మకం పోతుంది. మొదటి పాఠం గోడ కొక్కెం, రెండోది పట్టకారు, మూడోది ఎవరింటి కొడవలికైనా పదును. ఆ వరుస ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వాలి.

ఇదంతా మొదలుపెట్టడానికి కొత్త చట్టం కోసమో కొత్త పథకం కోసమో కాచుకోనక్కర్లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవడానికి ఏడుగురు సభ్యులు చాలు. వాడకుండా పడి ఉన్న గోదామో పాత షెడ్డో పంచాయతీ ఇవ్వగలదు. ఆ ఏడుగురి కాగితం మీద మొదటి సంతకం కోసం మీ ఊరి కమ్మరి ఇంటికి వెళ్ళండి, రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి.