ఇంటి లెక్కలు: అమ్మ బొంత, నా ట్రయల్ బ్యాలెన్సు

గత సంచికలో పోస్టాఫీసు పొదుపు పథకాల గురించి నేను రాసినది చదివి ఒక సోదరి ఉత్తరం రాశారు. "అయ్యా, వడ్డీల సంగతి మా ఆయన చూసుకుంటారు. ఇంట్లో ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసే కుట్లు, అల్లికల మీద కూడా ఒకసారి మీ లెక్కల పుస్తకం తెరవండి" అన్నారు. ఆవిడకు తెలియదు గానీ, ఆ పుస్తకం నేను ముప్ఫై ఏళ్ళ క్రితమే ఒకసారి తెరిచి చెయ్యి కాల్చుకున్నాను. ఆ ముచ్చటే ఈసారి మనవి చేసుకుంటాను.

మాది బాగేపల్లి. ఉద్యోగరీత్యా చింతామణి, చిక్కబళ్ళాపురం శాఖల్లో కూడా పనిచేశాను. మేము ఎక్కడి నుంచో వలస వచ్చిన తెలుగువాళ్ళం కాము. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా మా తాలూకాలు మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. నంది కొండ చలిగాలి మా వైపు కొంచెం గట్టిగానే వీస్తుంది కాబట్టి, ధనుర్మాసం వచ్చిందంటే కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అందుకని మా ఇళ్ళలో ఏదో ఒక చేతిపని ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. మా పిన్ని ఊలు స్వెట్టర్లు అల్లేది. మా అక్క ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లి చుట్టుపక్కల అందరికీ పంచింది. మా నాయనమ్మ పత్తి గింజలు తీసి, కార్తీక మాసానికి వత్తులు చేసి డబ్బాలో దాచేది. టీవీ వచ్చిన కొత్తలో దాని నెత్తిన క్రోషా గుడ్డ లేని ఇల్లు మా వీధిలో లేదంటే నమ్మండి.

మా అమ్మ పని మాత్రం బొంత. చూడని పిల్లల కోసం చెబుతాను. పాత నూలు చీరలు, పంచలు బాగా ఉతికి ఎండబెట్టాలి. మంచి చీర ఒకటి అడుగున, మరొకటి పైన. మధ్యలో చిరిగిన గుడ్డలు నాలుగైదు పొరలు, ఎక్కడా ముడత పడకుండా పరచాలి. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాలి. ముందు నడుమ నుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలు కదలకుండా చేసుకోవాలి. తరువాత దారానికి తేనెమైనం పట్టించి, వేలెడు ఎడంతో వరస తరువాత వరస కుట్టుకుంటూ పోవాలి. చివరికి టాకాలు విప్పేయాలి. ఒక బొంత పూర్తి కావడానికి మా అమ్మకు రెండు నెలల మధ్యాహ్నాలు పట్టేవి. ఒకసారి లేపాక్షి వెళ్ళినప్పుడు అక్కడి స్తంభాల మీద లతలు చూసి, బస్సు టికెట్టు వెనక పెన్సిలుతో గీసుకుని వచ్చింది. ఆ ఏడు బొంత అంచుకు ఆ లతే.

ఇది మా ఒక్కరి విద్యే కాదు. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. యల్లాపుర, హళియాళ ప్రాంతాల సిద్దీ స్త్రీలు రంగు రంగుల ముక్కలతో కుట్టేది కవంది. బెంగాలులో కాంథా. ఎక్కడ చూసినా సూత్రం ఒకటే. పాత గుడ్డను పారేయరు, పొరలుగా పేర్చి నిలబెడతారు.

ఇక నా నేరం. 1993లో బి.కాం. పట్టా చేతపట్టుకుని బ్యాంకులో చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చూసిన ప్రతిదానికీ లెక్క కట్టే పిచ్చి నాకు. మరుసటి సంవత్సరం ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ బొంత ముందు కూర్చుని ఉంది. నేను కాగితం తీసుకున్నాను. పాత గుడ్డలకు ఖర్చు సున్నా. దారం 14 రూపాయలు. పని అరవై గంటలు, అంటే ఏడున్నర రోజులు. అప్పటి కూలి రోజుకు 20 రూపాయల చొప్పున 150. మొత్తం 164. సంతలో మంచి దుప్పటి 95 రూపాయలకు వస్తుంది. "అమ్మా, ఒక్కో బొంతకు నీకు 69 రూపాయలు నష్టం" అని కాగితం చూపించాను. మా నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి ఏమీ అనలేదు.

అమ్మ కాగితం చూసింది. "లెక్క సరిగానే ఉండాది నాయనా" అంది. సూది దిండుకు గుచ్చి, సగం కుట్టిన బొంతను మడిచి పెట్టెలో పెట్టింది. మళ్ళీ తీయలేదు. నేను గెలిచాననుకున్నాను.

తరువాత ఐదేళ్ళు నా బల్ల మీద కుట్టు మిషన్ల అప్పుల దరఖాస్తులే ఎక్కువ. అప్పుడు సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం నడుస్తుండేది. 1999 ఏప్రిల్ నుంచి దాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపారు. మిషను కొన్నారా లేదా అని చూడడానికి పల్లెలకు వెళ్ళేవాణ్ణి. ఆదాయం ఎంత, కంతు ఎంత అని అడిగేవాణ్ణి. ఒక ఊళ్ళో ఒక తల్లి తొక్కుడు మిషను మీద రవికలు కుట్టి కంతులు సరిగా కట్టేది. కానీ ఆవిడ ఒళ్ళో సగం కుట్టిన చిన్న గౌను ఒకటి ఎప్పుడూ ఉండేది. "ఇది ఎవరి ఆర్డరమ్మా?" అని అడిగితే, "ఆర్డరు కాదు సారూ, మా పాపది. రవికలు కుట్టి అలసిపోతే ఇది కుట్టుకుంటాను" అంది. కుట్టుపని వల్ల వచ్చిన అలసట కుట్టుపనితోనే తీరుతుందని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. నా ఫారములో ఆ గౌను రాయడానికి గడి కూడా లేదు.

1999లో మాకు అమ్మాయి పుట్టింది. మా వైపు బిడ్డ పుడితే నాయనమ్మ బొంత ఇవ్వడం మామూలు. పదకొండో రోజు దాటింది, నెల దాటింది. బొంత రాలేదు. మా ఆవిడే చొరవ చేసి, "అత్తయ్యా, పాపకు బొంత..." అంది. అమ్మ కోపంగా కాదు, చాలా మామూలుగా, "అది నష్టమని మీ ఆయన అప్పుడే తేల్చేసినాడు కదమ్మా. సంతలో మంచివి దొరుకుతాయి, కొనుక్కోండి" అంది. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఐదేళ్ళూ మధ్యాహ్నం పూట అమ్మ ఏం చేస్తుండేదని నేను ఒక్కసారైనా అడగలేదు. పక్కింటి ఆడవాళ్ళు మా అరుగు మీదకు రావడం ఎందుకు తగ్గిందో కూడా అప్పుడే తట్టింది. బొంత పరిచి ఉన్నప్పుడు నలుగురు చుట్టూ కూర్చునేవారు. ఒకరు సూదిలో దారం ఎక్కించేవారు, ఒకరు కథ చెప్పేవారు. బొంతతో పాటు ఆ సభ కూడా పెట్టెలోకి పోయింది.

మరునాడు నా పాత చొక్కాలు నాలుగు తీసుకుని అమ్మ ముందు కూర్చున్నాను. "నేను కుడతాను, నేర్పు" అన్నాను. చాలాసేపు నవ్వింది. పెట్టెలోంచి ఆ సగం బొంత బయటికి వచ్చింది. నా కుట్లు చింతామణి రోడ్డు మలుపుల్లా వంకర టింకరగా వచ్చాయి. అమ్మ సగం విప్పేసి మళ్ళీ కుట్టింది, సగం మాత్రం అలాగే ఉంచింది. "ఇవి ఉండనీ, మీ నాయన కుట్టినాడని పాపకు చూపిస్తాను" అంది. ఆ బొంతే తరువాత మా అమ్మాయి బెంగళూరు హాస్టలుకు తీసుకుపోయింది.

నా లెక్కలో తప్పు ఎక్కడుందో ఇప్పుడు చెప్పగలను. నేను అరవై గంటలనూ ఖర్చు వైపు రాశాను. అమ్మకు ఆ గంటలే రాబడి. ఈ చిక్కు పెద్ద పెద్ద గణకులకూ ఉంది. ఐక్యరాజ్యసమితి, మరికొన్ని సంస్థలు కలిసి 1993లో వెలువరించిన జాతీయ ఖాతాల పద్ధతి ప్రకారం, ఇంట్లోవారి కోసం కుట్టిన గౌను ఉత్పత్తి కిందికి వస్తుంది, ఇంట్లోవారి కోసం వండిన అన్నం రాదు! 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ 299 నిమిషాల చాకిరీ అయ్యాక ఒక స్త్రీ తనకోసం మిగుల్చుకున్న గంటలో సూది పట్టుకుంటే, దానికి కూలి కట్టడానికి నేనెవణ్ణి?

మనలాంటి వారికి ఇంకో లాభం ఉంది. మా అమ్మాయికి తెలుగు చదవడం ఆలస్యంగా వచ్చింది. కానీ పోగు, పేట, అంచు, చెంగు, కుచ్చు, కాజా, టాకా, పట్టీ, ముడి అన్న మాటలు నాలుగేళ్ళకే వచ్చాయి. ఎవరూ పాఠం చెప్పలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని గుండీలు అందిస్తూ నేర్చుకుంది. బయటి రాష్ట్రంలో ఉన్నాం, పిల్లలకు భాష ఎలా నేర్పాలని సంఘం సమావేశాల్లో చర్చిస్తుంటాం. చేతికి పని ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే మాటలు వాటంతట అవే వస్తాయని నా అనుభవం.

పిల్లలకు ఏం పని ఇవ్వాలంటారా? మా వైపు వాళ్ళకు శిడ్లఘట్ట దగ్గరే. పేరున్న పట్టుగూళ్ళ మార్కెట్టు అది. మంచి గూడు ఒక్కదాని దారం విప్పితే కిలోమీటరు దాకా వస్తుందని చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. చిలుక తొలుచుకుని బయటికి వచ్చిన గూడు దారం తీయడానికి పనికిరాదు. అలాంటి గూళ్ళను కత్తిరించి పూలు చేయవచ్చు, దండలు గుచ్చవచ్చు. కైవారం తాతయ్యగారు గాజుల మలారం మోసిన నేల మాది. పగిలిన గాజులు, పూసలతో గుమ్మానికి తోరణాలు కట్టడం ఇప్పటికీ చూస్తాం. ఏదీ దొరక్కపోతే చొక్కాకు గుండీ కుట్టుకోవడం నేర్పండి, అబ్బాయిలకు తప్పకుండా.

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. డబ్బు మిగులుతుందని స్వెట్టరు అల్లడం మొదలుపెట్టకండి. మంచి ఊలు ధర చూస్తే కొన్నదే చౌక అనిపించవచ్చు. రెండోది, ఎవరైనా చక్కగా కుడితే వెంటనే "వ్యాపారం పెట్టు" అని సలహా ఇవ్వకండి. పెట్టదలచినవారికి దారులున్నాయి. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. అప్పు కావాలంటే మా బ్యాంకులు ఉండనే ఉన్నాయి. కానీ సరదాగా చేసే పనిని సరదాగా ఉండనివ్వాలి.

2020 లాక్‌డౌన్‌లో మేము రోజూ బ్యాంకుకు పోవలసి వచ్చింది. అమ్మ పాత తొక్కుడు మిషను తుడిపించి, నాన్నగారి పంచలు కత్తిరించి వీధి మొత్తానికి మాస్కులు కుట్టింది. నాన్నగారు పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ పంచలను ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "ఆయనకు ఊరి పిల్లలంటే ప్రాణం. ఇంతకన్నా మంచి పని ఏముంటుంది?" అంది.

ఇప్పుడు అమ్మకు ఎనభై దాటాయి. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. గుడ్డ కనిపిస్తుంది, సూది బెజ్జం కనిపించదు. అందుకని రోజూ బ్యాంకుకు బయలుదేరే ముందు ఏడు సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోతాను. సాయంత్రం వచ్చి ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తాను. ఏడూ ఖాళీ అయితే ఆ రోజు బాగున్నట్టు. ఈ మధ్య రెండు, మూడు మాత్రమే ఖాళీ అవుతున్నాయి. నిన్న ఒకటే. అయినా ఈ ఉదయం ఏడూ ఎక్కించే వచ్చాను. ఇప్పుడు కుడుతున్న బొంత ఎవరికని అడిగితే, "నీకేరా. పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చున్నాక చలేస్తుంది" అంది.

మీ ఇంట్లో కూడా పెట్టెలో మడిచి పెట్టిన సగం పని ఏదైనా ఉందేమో చూడండి. ఎందుకు ఆగిందో అడగండి. వచ్చిన జవాబు నాకు రాస్తే, పై సంచికలో అందరం చదువుకుందాం.