ఏ ఊరు ఎటు పోయెను, ఏల పోయెను?

1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకును, చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామములు కొన్ని ఆంధ్రప్రదేశమునకును మారినవి. మ.పొ. శివజ్ఞానము ప్రభృతులు నడపిన సరిహద్దు పోరాటము పిదప, హెచ్.వి. పటాస్కరు మధ్యవర్తిత్వమున కుదిరిన పంపకమిది. గ్రామమే ప్రమాణము కావలెను, అధికసంఖ్యాకుల భాష లెక్కకు రావలెను, భూభాగము ఎడతెగక కలిసియుండవలెను. ఈ నియమములను వందలాది గ్రామములకు ఏకకాలమున అన్వయించుట యనగా, నేటి గణకశాస్త్రజ్ఞులు యంత్రములకు అప్పగించుచున్న నిబంధనల సమస్యను కాగితముమీద పరిష్కరించుటయే.

ఆ సీమలో భాషలు వేరువేరు వీధులలో కాపురముండలేదు. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు 1888లో తెలుగింట జన్మించిన తిరుత్తణియే తమిళులకు మురుగని ఆరు పడైవీడులలో నొకటి. అట్టి చోట ఒక తెలుగు పల్లె తమిళ గ్రామముల నడుమ చిక్కినదనుకొందము. ‘మీ ఊరు మద్రాసులో కలిసినది’ అని మాత్రము చెప్పిన, ఆ ఊరి రైతు దానిని అన్యాయమనియే తలచును. నియమములన్నియు ఒక్కమారు చదివి వినిపించినను అతనికి దారి దొరకదు. జనాభా లెక్క యొక్కదానితోనే తేలిపోవు చుట్టుపట్ల ఊళ్లను ముందు చెప్పి, అవి అటు కలియుట నిశ్చయమైన పిమ్మట, ‘నీ ఊరు ఆంధ్రమున నిలిచినదనుకొనుము, నాలుగువైపుల పరరాష్ట్రమే యగును, భూభాగము తెగును, కావున నిలువజాలదు’ అని చెప్పినచో, అతడు ఒప్పుకొనకపోయినను, లెక్క తప్పా, లేక భాషకంటె భూసంలగ్నతకు పెద్దపీట వేయుట తప్పాయని వ్రేలుపెట్టి చూపి వాదింపగలడు.

2020లో బెల్జియము పరిశోధకులు బోగార్ట్స్, గంబా, గున్స్ మొదలగువారు తర్కప్రహేళికలను వివరించుటకు ప్రతిపాదించిన పద్ధతియు ఇట్టిదే. ప్రతి మెట్టునను వీలైనన్ని తక్కువ నిబంధనలను, ముందే తేలిన విషయములలో వీలైనన్ని తక్కువవానిని వాడవలెను. మెట్టు మరీ ఎత్తైనచో, విపర్యయమును ఊహించి, అది వైరుధ్యమునకు దారితీయు క్రమమును లోపల మరల చిన్నమెట్లుగా విప్పవలెను. యంత్రము లక్షల దారులు వెదకి విడిచిన వృత్తాంతము వివరణ కానేరదు; ఆ వెదుకులాట ముగిసిన తరువాత, మానవబుద్ధి నడువదగిన దారిని వేరుగా కట్టవలసియున్నది.

బడులలో కాలపట్టికలు, ఆసుపత్రులలో పనివంతులు, కళాశాలలలో సీట్ల కేటాయింపులు నేడు గణకయంత్రములు నిర్ణయింపగలవు. అట్టి నిర్ణయము వెలువడిన ప్రతిచోట, దానివలన బాధితుడైనవాడు అడిగినంతనే, అతని పేరునకు సంబంధించిన మెట్లు అతని భాషలో, అతడు ఎదురుచెప్పుటకు గడువు తీరకముందే, ఈయవలెనని నా దృఢమైన కోరిక.

— సీమాంతవాసి